ఆరని పడవ కర్ర

2013 జూన్ నెలాఖరు. రాజాంలో పాలకొండ రోడ్డు మీద నేను వడ్రంగం షెడ్డు పెట్టి అప్పటికి పదకొండేళ్ళు. తలుపులు, కిటికీలు, మంచాలు, బడి బెంచీలు, ఎక్కువగా ఇవే నా పని. ఒక మధ్యాహ్నం, వాన పడి వెలిసిన వేళ, అరవైకి దగ్గరపడిన మనిషి ఒకాయన షెడ్డులోకి వచ్చాడు. నల్లగా, పొడుగ్గా ఉన్నాడు. భుజాలు మాత్రం పాతికేళ్ళవాడివిలా ఉన్నాయి. స్టూలు చూపించి కూర్చోమన్నాను. కూర్చోలేదు. రంపం దగ్గరికి వెళ్ళాడు, పలకల దొంతర దగ్గరికి వెళ్ళాడు, మళ్ళీ గుమ్మం దాకా వెళ్ళి రోడ్డు చూసి వచ్చాడు. చివరికి చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి నా చేతిలో పెట్టాడు.

అది రంగు ప్రింటు. పెద్ద భోజనబల్ల. కర్రలో పగుళ్ళు, మేకుల బొక్కలు, రంపం గీతలు అన్నీ అలాగే వదిలేసి చేసినది.

"ఇలాటిది సేస్తావేటి ఆసారీ?" అన్నాడు.

ఇలాంటి వాటిని రస్టిక్ ఫర్నిచర్ అంటారని, పాత ఇళ్ళ దూలాలు, తలుపులు విప్పి ఆ కర్రతోనే చేస్తారని నేను వినడమే. ఆ కర్రకి రిక్లెయిమ్డ్ వుడ్ అని పేరు. అంటే ఒకసారి ఒక పనికి వాడేసిన కర్రని మళ్ళీ ఇంకో పనికి తేవడం. పత్రికల్లో బొమ్మలు చూసి మనసుపడ్డాను గాని చేయమని అడిగినవాళ్ళు లేరు.

"సేస్తాను మావా. పాత కర్ర దొరకాల," అన్నాను. ఆయన నాకు చుట్టం కాదు. మావైపు ఆ వయసువాళ్ళని మావా అనడం అలవాటు.

"కర్ర నాకాడే ఉన్నాది. నా పడవ," అన్నాడు.

ఆయన పేరు అప్పలస్వామి. నాగావళి మీద ఒక రేవులో ముప్పైయేళ్ళు పడవ నడిపాడు. అవతలి గట్టునున్న ఊళ్ళవాళ్ళు సంతకి, ఆసుపత్రికి, బడికి రావాలంటే ఆయన పొడుగాటి వెదురు గెడ వేసి దాటించాల్సిందే. ఆ ఏడాది మొదట్లో అక్కడ వంతెన పూర్తయింది. వంతెన కట్టడానికి వచ్చిన ఇంజినీర్లని, మేస్త్రీలని, సిమెంటు బస్తాలని రెండేళ్ళపాటు దాటించింది కూడా ఆయన పడవే. పని అయిపోయి వెళ్ళిపోతూ ఒక కుర్ర ఇంజినీరు ఆయనకి ఈ బొమ్మ ఇచ్చి, "మీ పడవని ఇలా బల్ల చేయించుకోండి, పాడవకుండా ఉంటుంది" అని చెప్పాడట. వంతెన మొదట్లో అప్పలస్వామి, ఆయన భార్య పైడమ్మ కలిసి భోజనం హోటలు పెట్టబోతున్నారు. రేకుల షెడ్డు వేయడం అయిపోయింది. అందులో అందరూ కలిసి కూర్చునే ఒకే ఒక్క పొడుగు బల్ల ఉండాలని ఆయన పట్టుదల.

రెండు రోజుల తర్వాత బండి మీద వెళ్ళి పడవ చూశాను. ఇసుకలో బోర్లించి ఉంది. ఇరవై ఎనిమిది అడుగులు. సుత్తితో కొట్టుకుంటూ చుట్టూ తిరిగాను. చెడిన కర్ర బోలుగా పలుకుతుంది, గట్టి కర్ర కంగుమంటుంది. అడుగు పలకలు చాలావరకు పోయాయి. పక్క పలకలు మాత్రం మద్ది కర్ర, బాడిశతో ఒక మూల చెక్కి చూస్తే లోపల ఎర్రటి చేవ కనిపించింది. అంత వెడల్పు మద్ది పలకలు ఈ రోజుల్లో డిపోలో దొరకవు. నిజం చెప్పాలంటే ఆ ఎరుపు చూశాక నాకు వేరే ఏమీ వినబడలేదు. ఈ పని నేనే చేయాలి, జిల్లాలో ఎవరూ చేయనిది చేయాలి అనిపించింది.

పైడమ్మ టీ తెచ్చి ఇచ్చింది. అప్పలస్వామి గట్టు మీదికి నడిచిపోగానే గొంతు తగ్గించి అంది, "బాబూ, బల్ల సేస్తావో పొయ్యిలోకి ముక్కలే కొడతావో నీ ఇష్టం. అది ఒడ్డునుండి కదిలితే సాలు."

"అదేటి అత్తా అలగంతన్నావు? సన్‌మైకా బల్లలే కావాలని నువ్వు దెబ్బలాడతన్నావని మావ సెప్పినాడు గదా?"

"బల్ల ఏదైతే నాకేటి? ఈడు ఇంట్లో ఉండడు బాబూ. పొద్దు పొడవకముందే ఆ వంతెన ఎక్కుతాడు. ఈ సివర నుండి ఆ సివరకి, ఆ సివర నుండి ఈ సివరకి. ఎంతమంది దాటినారో లెక్కెడతాడు. జనం నవ్వుతన్నారు. మొన్న నీళ్ళు పెరిగినప్పుడు ఒక్కడే ఈ పడవని నీళ్ళలోకి తోసీడానికి సూసినాడు. కుడి భుజం పట్టేసి గెడ ఎత్తనేడు, తెలుసా? ఈ హోటలు మేడలు కట్టడానికి కాదు, మడిసి ఒకకాడ నిలబడతాడని."

శ్రావణమాసంలో ముహూర్తం పెట్టించేశామని, దానికి ఆరు వారాలే ఉందని కూడా అప్పుడే చెప్పింది. ఆరు వారాలు చాలవని నాకు ఆ క్షణంలోనే తెలుసు. "అయిపోతాది" అన్నాను.

ఇక్కడ కర్ర సంగతి కొంచెం చెప్పాలి. కర్రలో నీరుంటుంది. ఆ నీరు నెమ్మదిగా పోయి, చుట్టూ ఉన్న గాలితో సర్దుకునేదాకా ఆరబెట్టడాన్ని సీజనింగ్ అంటాం. ఆరకుండా బల్ల చేస్తే చేసిన తర్వాత ఆరుతుంది. ఆరుతూ కుంచించుకుపోతుంది, వంగుతుంది, అతుకులు విడదీస్తుంది. మామూలు ఇంటి కర్రకే నెలలు కావాలి. ఇది ముప్పైయేళ్ళు నదిలో నానిన కర్ర. పైగా వానాకాలం.

పడవని లారీ మీద షెడ్డుకి తెప్పించాను, విప్పడానికే తొమ్మిది రోజులు పట్టింది. పలకల మధ్య సందుల్లో జనపనార కుక్కి, దాని మీద గుగ్గిలం కలిపిన తారు పోసి ఉంది. ఏడాదికోసారి మళ్ళీ మళ్ళీ పోసిన తారు. తల లేని పాత ఇనప మేకులు లోపల దాక్కుని ఉన్నాయి. రెండో రోజే ఒకటి తగిలి కరెంటు చిత్రిక బ్లేడు ముక్కలైంది. ఒక ముక్క నా చెవి పక్కనుంచి పోయి గోడలో దిగింది. అప్పటినుంచి దారానికి అయస్కాంతం కట్టి ప్రతి పలక మీదా అంగుళం అంగుళం తిప్పుతూ మేకులు వెతికేవాణ్ణి.

అప్పలస్వామి రోజూ మొదటి బస్సుకే వచ్చేసేవాడు. రావడం, "ఎంతవరకొచ్చినాది?" అనడం. జవాబు వినకుండానే షెడ్డంతా తిరగడం. ఉలి తీసి ఇక్కడ పెట్టేవాడు. జిగురు డబ్బా అక్కడ పెట్టేవాడు. నేను గీత గీస్తుంటే నా భుజం మీదనుంచి చూసేవాడు, తల ఎత్తేసరికి గుమ్మంలో ఉండేవాడు.

"కూకో మావా. నాకు తల తిరిగిపోతన్నాది," అన్నాను ఒకరోజు.

"కూకుంటే కాళ్ళు పీకుతన్నాయి ఆసారీ. నిలబడితే నేల కదలదు. అదొక రకం. కాలికింద ఏటీ లేనట్టుంటాది," అన్నాడు. అని, రెండు కాళ్ళూ ఎడంగా పెట్టి, పలకల మధ్య నిలబడి మెల్లగా ఊగాడు. అది ఆయనకి తెలియకుండానే జరుగుతోంది.

ఆయన కంగారు నాకూ అంటుకుంది. తినేటప్పుడు కూడా పలకలే కళ్ళముందు. నిద్రలో కూడా చేతులు ఏదో చెక్కుతుండేవని మా ఆవిడ అనేది. ఒక అనుమానం పీకుతుంటే పలకల చివర్లనుంచి రెండు చిన్న ముక్కలు కోసి, వీధి చివర కిరాణా కొట్టు ఎలక్ట్రానిక్ తక్కెడలో తూకం వేయించి, షెడ్డు రేకు కింద వేడి తగిలే చోట వేలాడదీశాను. కర్ర ఆరిందో లేదో తెలుసుకోవడానికి అది పాత పద్ధతి. తూకం తగ్గుతున్నంతకాలం కర్ర ఆరుతున్నట్టు. తగ్గడం ఆగితే ఆరినట్టు. వారం తర్వాత తూచాను, తగ్గింది. ఇంకో వారం, ఇంకా తగ్గింది. చేతివేళ్ళంత చిన్న ముక్కలే ఇంకా నీరు వదులుతుంటే, రెండంగుళాల మందమున్న పద్నాలుగడుగుల పలకల సంగతేమిటి?

అయిదో వారం అప్పలస్వామే అడిగాడు. పలక మీద చెయ్యి ఆనించి, చాలాసేపు అలాగే ఉంచి, "ఆసారీ, ఇది ఆరినాదేటి? సల్లగా ఉన్నాది," అన్నాడు.

"ఆరినాది."

"ఇన్నేళ్ళు నీళ్ళు తాగినాది. నెల్లో ఆరిపోద్దేటి?"

"పడవ నీకు తెలుసు, కర్ర నాకు తెలుసు. నా పని నాను సూసుకుంటాను మావా," అన్నాను. గట్టిగానే అన్నాను. ఆయన చెయ్యి తీసేశాడు. "నువ్వంటే సరే," అన్నాడు. ముహూర్తం వాయిదా వేయమని అడగడానికి అంతకంటే మంచి అవకాశం నాకు రాలేదు. నేనే దాన్ని తోసేశాను.

అయిదు పలకలు పక్కపక్కన పెట్టి, జిగురు వేసి, బిగించి అతికాను. పడవ లోపల పక్కటెముకల్లా ఉండే వంపు కర్రలతో కాళ్ళు చేశాను. పైన మేకుల బొక్కలు, గెడ రాసుకున్న గుంటలు అలాగే వదిలేసి రెండు పూతల వార్నిష్ వేశాను. చూడ్డానికి చాలా బాగా వచ్చింది. రోడ్డున పోయేవాళ్ళు ఆగి ఫొటోలు తీసుకున్నారు. నాకు మాత్రం ఆ వార్నిష్ కింద నీరు కదులుతున్నట్టే ఉండేది.

ప్రారంభానికి నాలుగు రోజుల ముందు ట్రాక్టరు మీద తీసుకెళ్ళి, ఆరుగురం మోసి హోటల్లో పెట్టాం. పక్క గోడకి అవతలే వంట పొయ్యిలు. పైన రేకులు. వానలు తెరిపిచ్చి ఎండ కాస్తోంది. ఆ వేడికి పైవైపు ఆరి కుంచించుకుపోతోంది, కిందివైపు ఇంకా తడి. ముహూర్తం రోజు పొద్దున్నే వెళ్ళి బల్ల మీద అరచెయ్యి పెట్టి పక్కకి లాగాను. మధ్యలో చెయ్యి దిగింది. అంచులు లేచాయి. ఒక అతుకు పొడుగునా వెంట్రుకంత చీలిక. ఎవరూ చూడకుండా కాళ్ళ కింద చెక్కముక్కలు దోపి, చీలికలో మైనం రాశాను.

మొదటి పంక్తిలో పన్నెండుమంది. బడి హెడ్మాస్టరు, పాలకేంద్రం ఆయన, అవతలి గట్టునుంచి రోజూ పడవలో వచ్చిన పాతవాళ్ళు. స్టీలు కంచాల్లో పొగలు కక్కే అన్నం పెట్టారు. వేడి కంచాలు ఆనిన చోట వార్నిష్ కింద మిగిలిపోయిన తారు కరిగి బొక్కల్లోంచి పైకి వచ్చింది. ఒకాయన కంచం జరుపుకోబోతే జరగలేదు, అతుక్కుపోయింది. గట్టిగా లాగేసరికి చారు ఒలికి, పల్లమైన మధ్య భాగానికి పారి, బల్ల పొడుగునా కాలవ కట్టింది. హెడ్మాస్టరుగారు మోచేతులు ఎత్తి చూసుకుంటే తెల్ల చొక్కా రెండు చేతులకీ నల్లటి మచ్చలు.

"అప్పలసామీ! నీ పడవ ఇంకా ఒడ్డుకి రానట్టున్నాదిరా!" అన్నారెవరో. అంతా నవ్వారు. ఆ నవ్వులో చెడ్డతనం లేదు. అప్పలస్వామి కూడా కొంచెం నవ్వాడు.

హెడ్మాస్టరుగారు నావైపు తిరిగారు. "ఏమయ్యా ఆచారీ, ఏమిటిది?"

అందరూ నన్నే చూస్తున్నారు. ఆ మాట నేను ఆలోచించి అనలేదు, దానంతటదే వచ్చింది. "పాత పడవ కర్ర కదండీ మాస్టారూ. దాని గుణమే అంత. మనమేం చేస్తాం?"

అప్పలస్వామి అన్నం బకెట్టుతో నాకు రెండడుగుల దూరంలో ఉన్నాడు. బకెట్టు కింద పెట్టాడు. నన్ను ఒకసారి చూశాడు. లోపలికి వెళ్ళి గుడ్డ మీద కిరోసిన్ పోసుకొచ్చి, వంగి, హెడ్మాస్టరుగారి మోచేతులు తుడిచాడు. ఆఖరి మనిషి తిని వెళ్ళేదాకా వడ్డించాడు. నేను చెయ్యి కడుక్కుని చెప్పాపెట్టకుండా బండెక్కి వచ్చేశాను.

మూడో రోజు పొద్దున పైడమ్మ ఫోను చేసింది. "బాబూ, ఆడు నీకాడికేటైనా వచ్చినాడేటి? నిన్న తెల్లారి ఎల్లినోడు రానేదు. వంతెన మీద నేడు. గట్టు మీద నేడు. నీళ్ళు సూస్తే నిండుగా ఉన్నాయి."

షెడ్డుకి తాళం కూడా వేయకుండా బయల్దేరాను. దారిలో నేను ఏమేం ఊహించుకున్నానో రాయను. వంతెన మీద ఆగి కిందికి చూశాను. ఎర్రటి నీళ్ళు స్తంభాలకి కొట్టుకుంటున్నాయి. అటూ ఇటూ అడిగాను. పాలకేంద్రం ఆయన చెప్పాడు, నిన్న పొద్దున అప్పలస్వామి గట్టు వెంట ఎగువకి నడిచి వెళ్ళడం చూశానని.

గట్టు దారి బురద. బండి రెండుసార్లు పడింది. పన్నెండు పదమూడు కిలోమీటర్లు పోయాక ఇంకో రేవు వచ్చింది. అక్కడ వంతెన లేదు. నది మధ్యలో ఒక పడవ ఇటే వస్తోంది. దాని చివర పొడుగ్గా నిలబడిన మనిషిని దూరంనుంచే పోల్చుకున్నాను. బండిని గట్టున పడేసి రేవులోకి దిగాను.

పడవ ఒడ్డుకి వచ్చింది. జనం దిగారు, ఇంకొందరు ఎక్కారు. ఆ పడవ వేరే అతనిది. అతనికి జ్వరమొస్తే అప్పలస్వామి గెడ అందుకున్నాడట. నన్ను చూశాడు. ఎక్కు అన్నట్టు చెయ్యి ఊపాడు. ఎక్కాను. ఏడెనిమిది మంది ఉన్నాం. ఒకామె ఒళ్ళో మేకపిల్ల.

కుడి భుజం బాగాలేదని ఎడం చేత్తోనే బలమంతా పెడుతున్నాడు. అయినా మనిషి కుదురుగా ఉన్నాడు. నెలన్నరలో ఆయన చూపు ఒకచోట నిలవడం నేను చూసింది అప్పుడే.

"మావా, అత్త ఏడుస్తన్నాది."

"ఏడవద్దని సెప్పు."

"నువ్వొచ్చి సెప్పు."

గెడ ఎత్తి మళ్ళీ వేశాడు. "ఆ పడవలో నాను ఒక్క మడిసిని మునగనివ్వనేదు ఆసారీ. వరదలో దాటించినాను. నొప్పులొచ్చిన ఆడమనుసుల్ని దాటించినాను. బల్ల పాడైపోనాది, పోనీ. నవ్వినారు, నవ్వనీ. దాని గుణమే అంత అని నువ్వన్నావు. మేకు మేకు నువ్వే ఇప్పినావు. దాని గుణం నీకు తెలీదేటి?"

పడవలో ఉన్నవాళ్ళు మాటలు ఆపి వింటున్నారు. ఒడ్డు చేరాక పక్కకి పిలిచి చెబుదామనుకున్నాను. ముహూర్తం రోజు కూడా అలాగే తర్వాత చూద్దామనుకుని వచ్చేశానని గుర్తొచ్చింది.

"కర్ర ఆరనేదు మావా," అన్నాను. "నాకు తెలుసు. ముక్కలు కోసి తూకం ఏసి మరీ సూసినాను. నువ్వడిగిననాడే తెలుసు. ఆరిందని అబద్దమాడినాను. పలకలు బిగించి అతకడం కూడా తప్పే. పడవది ఏటీ నేదు. అంతా నా తప్పే."

ఆయన అవతలి ఒడ్డు దాకా పడవ నడిపాడు. అందరూ దిగాక, మేకపిల్లని పట్టుకుని ఆ ఆడమనిషిని చెయ్యిచ్చి దింపాక, నావైపు తిరిగాడు.

"ఆరాలంటే ఎన్నాళ్ళు పడతాది?"

"ఎండాకాలం రావాల."

"అంటే తొమ్మిది నెల్లు."

"తొమ్మిది నెల్లు."

"ఆ తొమ్మిది నెల్లూ నానేటి సెయ్యాల?" అన్నాడు. ఆ ప్రశ్నలో కోపం లేదు. నిజంగానే తెలియక అడిగాడు. కాళ్ళు మళ్ళీ అటూ ఇటూ మెదిలాయి.

"పలకలు తిప్పాల," అన్నాను. "నాను దొంతర కట్టిస్తాను. రెండు పలకల మద్దెన సన్న కర్ర బద్దలు పెట్టి గాలి ఆడేటట్టు పేరుస్తాను. పది రోజులకోసారి కిందది పైకి, పైది కిందకి మారాల. నేదంటే ఒకపక్కే ఆరి వంగిపోతాయి. అది నువ్వు సెయ్యాల. నాకు రాజాం నుండి కుదరదు."

ఆయన గెడ ఇసుకలో గుచ్చాడు. "సాయంత్రం బస్సుకి వస్తానని సెప్పు దానికి," అన్నాడు. సాయంత్రం ఆయన బస్సు దిగేదాకా పైడమ్మ రోడ్డు మీదే నిలబడి ఉంది. దిగాక ఏం తిట్టిందో నేను వినలేదు. నేను అప్పటికే బల్ల విప్పుతున్నాను.

అతుకులు కోసి, వార్నిష్ గీకేసి, హోటలు వెనక నీడ పట్టున దొంతర పేర్చాను. హోటలు ఆగకుండా నా షెడ్డులోవి మూడు మామూలు బల్లలు తెచ్చి వేశాను. పది రోజులకోసారి చాలన్నా అప్పలస్వామి మొదట్లో రోజూ పలకలు తిప్పేసేవాడు. బరువెత్తితే భుజం పోతుందని పైడమ్మ గొడవ పెడితే, ఇద్దరూ కలిసి చెరో చివర పట్టుకోవడం మొదలుపెట్టారు. ఎగువ రేవు అతను వారానికి మూడు రోజులు గెడ వేయమని ఈయన్ని అడిగాడు. పైడమ్మ ఒప్పుకుంటుందని నేను అనుకోలేదు. "మూడు రోజులు నీళ్ళ మీద, నాలుగు రోజులు పొయ్యికాడ. ఎక్కడున్నాడో నాకు తెలుస్తాది, అది సాలు," అంది.

పలక చివరనుంచి కోసిన ముక్కని వారం వారం ఊళ్ళో కొట్టు దగ్గర తూచి ఆయనే నాకు ఫోను చేసేవాడు. "తగ్గినాది." "ఇంకా తగ్గినాది." సంక్రాంతి పోయింది, శివరాత్రి పోయింది. నాకు ప్రతి వారం ఆ ఫోను వచ్చేదాకా ఒక గుబులు. 2014 మే నెలలో ఒకరోజు, "మూడు వారాలనుండి ఒకటే తూకం ఆసారీ," అన్నాడు. "ఇంకో వారం సూద్దాం మావా," అన్నాను. ఇంకో వారం చూశాం.

ఈసారి బల్ల వాళ్ళ హోటలు వెనకే చేశాను. హీట్ గన్, అంటే వేడిగాలి ఊదే చిన్న యంత్రం, దాంతో బొక్క బొక్కలో తారు కరిగించి ఊడ్చేశాను. మేకుల బొక్కల్లో మద్ది కర్ర బిరడాలు కొట్టాను. పలకలని జిగురుతో అతకలేదు. పలకకీ పలకకీ మధ్య రూపాయి బిళ్ళ మందం సందు వదిలాను. పలకలు బిగించే మరమేకులకి గుండ్రటి బొక్క కాకుండా పొడుగాటి గాడి తీశాను, దీన్ని ఎక్స్‌పాన్షన్ స్లాట్ అంటారు. వానాకాలం కర్ర ఉబ్బినా, ఎండాకాలం ముడుచుకున్నా మరమేకు ఆ గాడిలో జరుగుతుంది, పలక చీలదు. ఎనిమిది రోజులు పట్టింది. ఆ ఎనిమిది రోజులూ అప్పలస్వామి నా పక్కన నిలబడి పనిముట్లు అందించాడు. కూర్చోలేదు. నేనూ కూర్చోమనలేదు.

వానలు పట్టేదాకా ఆగి, వారం పదిరోజులు ముసురు పట్టాక కూడా బల్ల కదలలేదని చూసుకుని అప్పుడు పిలుపులు పంపాం. కిందటేడు మొదటి పంక్తిలో కూర్చున్నవాళ్ళనే. హెడ్మాస్టరుగారు చొక్కా చేతులు మోచేతుల పైకి మడుచుకుని వచ్చారు. వేడి వేడి అన్నం, కొరమీను పులుసు. అందరూ ముందు కంచం జరిపి చూశారు. జరిగింది.

నేను లేచి నిలబడ్డాను. మాట్లాడడం నాకు అలవాటు లేదు. "కిందటేడు ఇక్కడ నేనొక మాట అన్నాను. పడవ కర్ర గుణమే అంత అని. అది నిజం కాదు. ఆరని కర్రతో, ఆరలేదని తెలిసే చేశాను. తప్పు నాది," అన్నాను. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. పులుసు గిన్నెతో వస్తున్న పైడమ్మ ఆగిపోయింది.

అప్పలస్వామి నా కంచంలో అన్నం వేస్తూ, "సెప్పేసినావు గదా. కూకో. సల్లారిపోతాది," అన్నాడు.

ఆ తర్వాత నేను మాయిశ్చర్ మీటర్ కొన్నాను. కర్రకి రెండు సూదులు గుచ్చితే తడి ఎంతుందో అంకె చూపిస్తుంది. దాన్ని చూసిన కొత్త పనివాళ్ళు ఇదుంటే తప్పులు జరగవంటారు. 2013లో మీటర్ లేకపోయినా తడి ఉందని నాకు తెలుసు. ఎదురుగా ఆశగా నిలబడ్డ మనిషితో "ఇంకా కాలేదు" అనడానికి నాకు నోరు రాలేదు, అంతే. చెడినప్పుడు నెపం కర్ర మీదికి నెట్టాను. కర్ర మాట్లాడదు కాబట్టి అది తేలిక. ఆ కర్రతో ముప్పైయేళ్ళు బతికిన మనిషి పక్కనే నిలబడి వింటున్నాడని నాకు అప్పుడు తోచలేదు.

రెండేళ్ళ తర్వాత ఒకాయన కూల్చాక వానలకి నానిపోయిన ఇంటి దూలాలు లారీ మీద తెచ్చి, మూడు వారాల్లో బల్ల కావాలన్నాడు. మీటర్ గుచ్చి చూసి, అయిదు నెలలు పడుతుందని చెప్పాను. ఆయన గట్టిగా అరిచి, లారీ వెనక్కి తిప్పించుకుని ఇంకో షెడ్డుకి పోయాడు. మంచి టేకు. ఆ సాయంత్రమంతా నా మనసు కుదురుగా లేదు, రోడ్డు మీదికి వెళ్ళి వెళ్ళి చూస్తూనే ఉన్నాను. తెల్లారి లేచి చిత్రిక పట్టుకునేసరికి ఆ గుబులు పోయింది. ఆరని పలకల మీద వార్నిష్ పూసిన రోజుల్లో నాకు అలాంటి ఉదయం ఒక్కటి కూడా రాలేదు.